ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి

బడ్జెట్ ఎంత పెద్దదైతే ప్రభుత్వం అంత గొప్పదనే లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ, రాష్ట్రానికి మేలు మాత్రం చేయలేదు. 2025-26కి ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు, తెలంగాణది 3.05 లక్షల కోట్లు. టీవీ తెర అడుగున ఆ అంకెలు పరుగెడుతుంటే మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు క్రికెట్ స్కోరు చూసినట్టు చూశారు. "మీదానికన్నా మాది పెద్దది" అని ఒకళ్లనొకళ్లు ఎగదోసుకున్నారు. ముప్పై అయిదేళ్లు ఖజానా ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. పోయినేడు ఎంత వస్తుందని రాశారు, ఏడాది తిరిగేసరికి ఎంత వచ్చింది, ఆ రెంటి మధ్య గండి ఎంత, ఆ గండిని ఎవరి సొమ్ముతో పూడ్చారు? చూడాల్సింది అది. కాగ్ ప్రతి నెలా ఒక్కో రాష్ట్రం రాబడి, ఖర్చు, అప్పు లెక్కకట్టి బయట పెడుతూనే ఉంది. దాని మీద సాయంత్రం చర్చ పెట్టిన చానల్‌ను నేను ఇంతవరకూ చూడలేదు.

మా రోజుల్లో అంకె రాయాలంటే భయం ఉండేది. తప్పు రాస్తే రేపు ఎవరో ఒకరి బిల్లు వెనక్కి పోతుందన్న భయం అది.

1977లో కందుకూరు సబ్ ట్రెజరీలో గుమాస్తాగా చేరాను. పాతకాలపు కట్టడం, రెండడుగుల మందం గోడలు, లోపల స్ట్రాంగ్ రూం. దానికి రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు తాళంచెవులు. ఇద్దరూ కలిసి నిలబడితేనే తలుపు తెరుచుకునేది. ఒకరు సెలవు పెడితే తాళంచెవి అప్పగించినట్టు రిజిస్టర్లో సంతకాలు పడాలి. లోపల స్టాంపు కాగితాలు, సీలు వేసిన పరీక్ష పేపర్లు, బయట తుపాకీతో గార్డు. బిల్లు తెచ్చినవాడికి ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్లం. నెల మొదట్లో టీచర్ల జీతాల బిల్లులతో వచ్చిన గుమాస్తాలు వేపచెట్టు కింద ఆ టోకెన్లు అరచేతిలో గలగలలాడించుకుంటూ కూర్చునేవాళ్లు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మార్చి 31 రాత్రి అసలు పరీక్ష. పన్నెండు దాటితే ఆ ఏడాది పద్దు మురిగిపోతుంది. పెట్రోమాక్స్ లైటు వెలుగులో బల్లల మీద బిల్లుల గుట్టలు. చేరిన మొదటి ఏడాది, రాత్రి పదకొండింటప్పుడు ఒక శాఖవాళ్లు పెద్ద బిల్లు పట్టుకొచ్చారు. వెనక పెద్దవాళ్ల మాట ఉందని నెమ్మదిగా చెప్పారు. మా సబ్ ట్రెజరీ ఆఫీసరు గారు కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని రిజిస్టర్ తిరగేశారు.

"పద్దులో మిగులు లేదు కదండీ?"

"పైనుంచి సర్దుబాటు చేస్తామన్నారండీ. కాగితం ఏప్రిల్లో వస్తుందట."

"అయితే బిల్లు కూడా ఏప్రిల్లోనే తీసుకురండి."

అంతే. గొంతు పెంచలేదు. వాళ్లు వెళ్లాక నావైపు తిరిగి, "అబ్బాయ్, ఇది మనదీ కాదు, వాళ్లదీ కాదు. శాసనసభ ఎంత వాడుకోమందో అంతే వాడాలి. ఒక్కడికి లేని సొమ్ము ఇచ్చామంటే ఆ వెనక టోకెన్ పట్టుకుని కూర్చున్న ఇంకొకడిది లాక్కున్నట్టు" అన్నారు. ఆ తర్వాత సెక్రటేరియట్‌లో పెద్ద పెద్ద ఫైళ్లు చూసినప్పుడు కూడా నాకు ఆ మాటే గుర్తొచ్చేది. లెక్క కోట్లలో ఉన్నా టోకెన్ పట్టుకుని కూర్చున్నవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి అంటారు. కూలినాలి చేసుకునే మనిషి అలా బతికితే అతని తప్పు లేదు, అతని చేతిలో మిగిలేదేముంది గనక. రాష్ట్రం అలా బతకకూడదు. అమ్మకం పన్ను, ఎక్సైజు, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను, ఇవన్నీ వ్యాపారం కళకళలాడితే ఒక్కసారిగా పొంగుతాయి. మాంద్యం వస్తే ఒక్కసారిగా ఎండుతాయి. కేంద్రం నుంచి వచ్చే పన్నుల వాటా కూడా అదే గాలికి ఊగుతుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు మాత్రం దేనికీ ఊగవు. పైగా పనులు దొరకని ఏడాదే జనానికి సర్కారు సాయం ఎక్కువ కావాలి. రేషన్ కొట్టు దగ్గర వరుస పొడుగవుతుంది, ప్రైవేటు ఆసుపత్రికి పోయేవాడు పెద్దాసుపత్రికి వస్తాడు. రాబడి తగ్గినప్పుడే ఖర్చు పెరగాలన్నమాట. కేంద్రానికైతే వెనక ఆర్‌బీఐ ఉంది, అప్పు తేలిగ్గా పుడుతుంది. రాష్ట్రం నోటు అచ్చు వేసుకోలేదు. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం అప్పు చేయాలంటే రాజ్యాంగం 293వ అధికరణం కింద కేంద్రం ఒప్పుకోవాలి. కాబట్టి కరువు ఏడాదికి కావాల్సింది కలిగిన ఏడాదిలోనే దాచుకోవాలి. దీనికి పెద్ద చదువులక్కర్లేదు. గాదెలో విత్తనాల ధాన్యం విడిగా కట్టిపెట్టే ఏ రైతు ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

1986లో డిప్యుటేషన్ మీద హైదరాబాదు ఆర్థిక శాఖకు, వేస్ అండ్ మీన్స్ చూసే సెక్షన్‌కు వెళ్లాను. పత్రికలవాళ్లు చేబదుళ్లు అని రాస్తారే, ఆ పని. రాష్ట్ర ప్రభుత్వానికి బ్యాంకరు ఆర్‌బీఐ. అన్ని రాష్ట్రాల రోజువారీ నిల్వ లెక్కలు నాగపూర్‌లో ఉన్న ఆర్‌బీఐ కేంద్ర లెక్కల విభాగంలో తేలతాయి. పొద్దున్నే అక్కణ్ణుంచి మన నిల్వ ఎంతో కబురొచ్చేది. అది చూడకుండా మా పెద్దసారు కాఫీ ముట్టేవారు కాదు. నిల్వ తగ్గితే ఆర్‌బీఐ కొంత పరిమితి దాకా చేబదులిస్తుంది. అది దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. ఒకప్పుడు రాష్ట్రాలు ఓవర్‌డ్రాఫ్ట్‌లో నెలల తరబడి కూర్చునేవి. 1985లో ఆర్‌బీఐ కొరడా తీసింది. వరుసగా ఏడు పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే ఆ రాష్ట్రం చెల్లింపులు ఆపేస్తామంది. నిజంగా ఆపితే ఏమిటి? రాష్ట్రమంతా సర్కారు చెక్కు చెల్లదు. పరువు పోతుంది.

ఆ ఏడు రోజుల లెక్క మా గోడ మీద ఉండేది. మా సెక్షన్‌లో ఒకాయన రోజువారీ క్యాలెండర్ కాగితం మీద ఎర్ర పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని వేసేవాడు. నాలుగు వచ్చిందంటే సెక్షన్‌లో మాటలు తగ్గేవి. అయిదో రోజున జిల్లాలకు ఫోన్లు. వాణిజ్య పన్నుల వసూలు ఎక్కడ ఆగింది, చలానాలు కట్టినా బ్యాంకు నుంచి ఖాతాకు చేరనివి ఎక్కడున్నాయి అని ఒక్కొక్కటీ వెతికి రప్పించేవాళ్లం. ఆరో రోజు సాయంత్రానికి బయటపడితే అప్పుడు అన్నం సయించేది. ఇప్పుడు ఆ గడువు పద్నాలుగు పనిదినాలైంది. కరోనా ఏడాది దాన్ని ఇరవై ఒకటి చేశారు, మూడు నెలల్లో కలిపి యాభై రోజులదాకా ఉండొచ్చన్నారు. విపత్తులో అది కావాల్సిందే, నేను కాదనను. చేబదులు మీద రెపో రేటు వడ్డీ పడుతుంది, ఓవర్‌డ్రాఫ్ట్ మీద దానికన్నా రెండు శాతం ఎక్కువ, ఇంకా పైకి పోతే అయిదు శాతం ఎక్కువ. మా రోజుల్లో ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఇంట్లో జ్వరం. ఇప్పుడది నెలవారీ అలవాటు. ఎర్ర పెన్సిల్ పట్టుకునేవాడు ఎవరైనా ఉన్నారా అని నా దిగులు.

మా రోజులన్నీ బంగారమని చెప్పడానికి రాయడం లేదు. 1994 నుంచి 1997 దాకా మేం పడ్డది పగవాడికి కూడా వద్దు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మా కందుకూరుకు ఆ ఊరు అంత దూరమేమీ కాదు, ఆ ఇళ్లలో సారా ఏం చేసిందో నాకు తెలుసు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ, ఆమె వెనకున్న ఆడవాళ్లు అడిగింది న్యాయం. 1993 అక్టోబరులో సారా ఆగింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం నాడే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి నుంచి అమలైంది. అదే చేత్తో రెండు రూపాయల కిలో బియ్యం తిరిగొచ్చింది, రైతుల పంపుసెట్లకు హార్స్‌పవర్‌కు యాభై రూపాయల కరెంటు తిరిగొచ్చింది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే దేన్నీ కాదనలేం. కానీ ఎక్సైజు అనే పెద్ద కాలవ మూసేసిన రోజునే రెండు తూములు తెరిచాం. మూసిన కాలవ బదులు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో ఎవరూ రాయలేదు.

అప్పుడు ఆర్థిక కార్యదర్శి దువ్వూరి సుబ్బారావు గారు. తర్వాత ఆర్‌బీఐ గవర్నరయ్యారు. అంతకుముందు ఆ శాఖలో పనిచేసిన వై.వి. రెడ్డి గారూ ఆర్‌బీఐ గవర్నరయ్యారు, పద్నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షులూ అయ్యారు. మా శాఖలో ఎలాంటివాళ్లు కూర్చునేవారో చెప్పడానికే ఈ పేర్లు. అయినా అంకె అంకే, ఎవరు కూర్చున్నా లేని సొమ్ము పుట్టదు. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్ర ఆర్థిక స్థితి మీద శ్వేతపత్రం పెట్టి జిల్లాల్లో చర్చలు పెట్టింది. కిలో బియ్యం మూడున్నర అయింది, కరెంటు చార్జీలు పెరిగాయి. అది చాలదన్నట్టు ఆ నవంబరులో తుపాను కోనసీమను తుడిచిపెట్టేసింది. కొబ్బరి చెట్లు మధ్యకు విరిగిపడ్డ ఆ ఊళ్లకు ఇవ్వాల్సిన సొమ్ము కోసం మేం వేరే శాఖల పద్దులు గీరాల్సొచ్చింది. 1997లో మద్యనిషేధం సడలింది. దూబగుంట ఆడవాళ్లు గెలిచింది ఖజానా ఖాళీ వల్ల చేజారిపోయింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. ముందు మూడు నాలుగేళ్లు ఎక్సైజు మీద ఆధారపడటం కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చి ఉంటే ఆ మంచి పని నిలిచేదేమో.

మంచి రోజుల సంగతికి వస్తాను. నా గొణుగుడంతా అసలు మంచి రోజుల మీదే.

2003 నుంచి 2008 దాకా దేశమంతా వ్యాపారం పొంగింది. ఐటీ కంపెనీలు, కొత్త కాలనీలు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు సందు దొరకని జనం. 2005 ఏప్రిల్ నుంచి వ్యాట్ వచ్చి అమ్మకం పన్ను కూడా గాడిలో పడింది. అప్పుడు కొన్ని మంచి పనులు చేశాం, గర్వంగానే చెబుతాను. పదమూడు శాతం, ఆపైన వడ్డీలున్న కేంద్రం అప్పుల్ని తక్కువ వడ్డీ అప్పులతో మార్చుకునే పథకం 2002 నుంచి మూడేళ్లు నడిచింది. పాత వడ్డీ, కొత్త వడ్డీ పక్కపక్కన రాసి లెక్కలు వేస్తుంటే, నడ్డి విరిచే మూట దింపుతున్నట్టు ఉండేది. 2005లో ద్రవ్య బాధ్యత చట్టం చేసుకున్నాం. 2008-09కల్లా రెవెన్యూ లోటు పోవాలన్నది అందులో నియమం. 2006-07లోనే మిగులు చూపించాం. రోశయ్య గారు ఆర్థిక మంత్రి. ఆయనకు "లేదు" అనే మాట నోరారా అనడం వచ్చు. సొంత పార్టీ ఎమ్మెల్యేలు వచ్చినా చిన్న చీటీ మీద లెక్క వేసి చూపించేవారని మా అందరికీ తెలుసు. 2008-09లో ఉమ్మడి రాష్ట్ర బడ్జెట్ మొదటిసారి లక్ష కోట్లు దాటింది. అదీ ఆయన చేతుల మీదుగానే.

కానీ అదే కాలంలో ఒక జబ్బు కూడా అంటుకుంది. వాపు చూసి బలుపనుకునే జబ్బు. 2006లో కోకాపేటలో వేలం పెడితే ఎకరం 14 కోట్లకు పోయింది. సెక్రటేరియట్‌లో ఆ సాయంత్రం అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఆ తర్వాత ప్రతి అంచనాలోనూ భూముల అమ్మకం ఒక వరుసగా కూర్చుంది. ఏ పథకానికైనా సొమ్మెక్కడని అడిగితే, భూములున్నాయిగా అనేవారు. అప్పుడు నా పైఅధికారి ఒకాయన, రిటైర్మెంట్‌కు ఏడాది ఉన్న మనిషి, ఒక ఫైలు మీద పచ్చ సిరాతో ఒక్క వాక్యం రాశారు: "ఈ రాబడి ఒక్కసారిది, ఈ ఖర్చు ప్రతి నెలది." కింద సంతకం. అంతకుమించి నోట్ లేదు. ఆ ఫైలు పైకి వెళ్లి ఆయన మాట కాదని తిరిగొచ్చింది. ఆయన ఏమీ అనలేదు, దాన్ని నాకిచ్చి "దాచిపెట్టు, పనికొస్తుంది" అన్నారు. నేను చదివిన ఏ ఆర్థిక శాస్త్రంలోనూ అంతకన్నా సూటి మాట చూడలేదు. భూమి అమ్మిన సొమ్ముతో చెరువు తవ్వొచ్చు, పాత అప్పు తీర్చొచ్చు, ఆసుపత్రి కట్టొచ్చు. జీతం ఇవ్వకూడదు. పొలం అమ్మి పచారీ సరుకులు తెచ్చుకున్నవాడిని ఊళ్లో ఏమంటాం?

2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. దానికీ మనకీ ఏం సంబంధమన్నారు చాలామంది. మూడు నెలల్లో మా హైదరాబాదు రిజిస్ట్రార్ ఆఫీసుల ముందు స్టాంపు వెండర్లు ఖాళీగా కూర్చున్నారు. మరుసటి జనవరిలో సత్యం కంపెనీ వ్యవహారం బయటపడి, మిగిలిన ధైర్యం కూడా పోయింది. వేలంలో భూములు కొన్నవాళ్లలో కొందరు మిగతా సొమ్ము కట్టక కోర్టుకెక్కారు. కేంద్రం కొంత ఆదుకుంది. ద్రవ్య లోటు మూడు శాతం దాటకూడదన్న నియమాన్ని ఆ ఏడాదికి మూడున్నరకు, మరుసటేడు నాలుగుకు సడలించింది. అయినా జలయజ్ఞం సాగునీటి కాలవలు, ఇళ్లు, రోడ్లు అన్నీ ఒకేసారి మొదలుపెట్టి ఉన్నాం. దేన్ని ఆపాలి?

ఇక్కడ నాకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. కరువొచ్చినప్పుడు కోత ఎవరి మీద పడుతుందన్నది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ రాసి ఉండదు. జీతం ఆగితే సంఘాలు రోడ్డెక్కుతాయి. వడ్డీ ఆగితే రాష్ట్రం దివాలా. పెద్ద కాంట్రాక్టరు నేరుగా పేషీలోకే వెళ్లగలడు. ఆగేది నోరులేనివాడి బిల్లు. నేను జిల్లా ఖజానాలో ఉన్న ఒక మాంద్యం ఏడాది, ఒక హాస్టల్ వార్డెన్ మూడు నెలలు వరుసగా నా బల్ల ముందు నిలబడ్డాడు. డైట్ బిల్లు. నూట ఇరవై మంది పిల్లలు. కిరాణా కొట్టువాడు ఇక అరువు ఇవ్వనన్నాడట. "సార్, సాంబారులో పప్పు తగ్గించాను. గుడ్డు మానేశాను. ఇంకేం తగ్గించను సార్?" అన్నాడు. పైనుంచి ఆంక్షలున్నాయి, నేను పాస్ చేసినా సొమ్ము కదలదు. ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. ఏం జరిగిందని మా ఆవిడ అడిగితే గుడ్డు అని మాత్రం అన్నాను. రెవెన్యూ లోటు ఇంత శాతం అని సభలో చదివే అంకె వెనక ఆ నూట ఇరవై కంచాలు ఉన్నాయి.

2012లో రిటైరయ్యాను. రెండేళ్లకు రాష్ట్రం రెండైంది. ఒకదానికి లోటు, ఒకదానికి హైదరాబాదు దక్కాయి. లోటు దక్కినవాళ్లు పొదుపు నేర్చుకుంటారనుకున్నాను, మిగులు దక్కినవాళ్లు దాచుకుంటారనుకున్నాను. రెండూ జరగలేదు.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. 2019 ఫిబ్రవరిలో తెలంగాణ ఓటాన్ అకౌంట్‌లో 1.82 లక్షల కోట్ల లెక్క చెప్పింది. ఆ ఏడాది దేశమంతా మందగమనం, కేంద్రం పంచే పన్నులు కూడా అనుకున్నదానికన్నా బాగా తగ్గాయి. సెప్టెంబరులో పూర్తి బడ్జెట్ పెట్టినప్పుడు దాన్ని 1.46 లక్షల కోట్లకు దించారు. మాంద్యం ఉంది, తగ్గిస్తున్నాం అని సభలోనే చెప్పారు. ఆ రోజు నేను పేపరు పట్టుకుని మా పాత మిత్రులకు ఫోన్లు చేశాను, మన కాలం మాట మళ్లీ వినపడిందని. ఆ బుద్ధి నిలవలేదు. 2023-24కి అదే రాష్ట్రం 2.90 లక్షల కోట్లని రాసి, సవరించిన అంచనాలకు వచ్చేసరికి 2.25 లక్షల కోట్ల దగ్గర తేలింది. అరవై అయిదు వేల కోట్లు కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయాయి. ఆ కాగితాన్ని నమ్మి పని మొదలుపెట్టినవాడి గతేమిటి?

కరోనా వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలూ 2020 మార్చి నెలకు చాలామంది జీతాల్లో, పింఛన్లలో సగం ఆపాయి. నాలుగో తరగతి ఉద్యోగికి కూడా పది శాతం ఆపారు. లాక్‌డౌన్ పెట్టి వారం తిరగలేదు! అప్పటికి వారం రోజులు తట్టుకునే నిల్వ కూడా లేదన్నమాట. ఆంధ్రలో అది కోర్టుకెక్కి, ఆపిన సొమ్ము వడ్డీతో ఇవ్వమని తీర్పొచ్చింది. సుప్రీంకోర్టు ఆ వడ్డీని పన్నెండు శాతం నుంచి ఆరుకు తగ్గించింది గానీ, జీతమూ పింఛనూ దయతో ఇచ్చేవి కావని తేలిపోయింది. ఆ తర్వాత కూడా ఒకటో తారీఖు జీతం పదో తారీఖు దాటి పడ్డ నెలలు రెండు రాష్ట్రాల ఉద్యోగులూ చూశారు.

పోనీ కరోనా తర్వాత రాబడి పుంజుకున్నప్పుడైనా దాచారా? 2023 ఆగస్టులో అదే కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది. అదే ఏడాది ఔటర్ రింగ్ రోడ్డు టోల్ వసూలును 7,380 కోట్లకు ముప్పై ఏళ్లకు లీజుకిచ్చేశారు. ముప్పై ఏళ్ల రాబడి ఒక్క ఏడాదిలో వాడేసుకుంటే మిగతా ఇరవై తొమ్మిదేళ్లకు వచ్చే మంత్రులు ఏం వాడాలి? ఆంధ్రలో మద్యం మీద రాబోయే పన్నును చూపించి కార్పొరేషన్ పేరిట అప్పు తెచ్చారు. తెలంగాణలో ప్రాజెక్టుల కార్పొరేషన్ల పేరిట తెచ్చారు. కార్పొరేషన్ అప్పు బడ్జెట్ పుస్తకంలో కనపడదు, కిస్తీ మాత్రం బడ్జెట్ నుంచే పోతుంది. 2022లో కేంద్రం ఆ అప్పుల్ని కూడా రాష్ట్రం పరిమితిలోనే కలుపుతామన్న తర్వాత గానీ ఆ దారి ఇరుకు కాలేదు. మా కందుకూరు ఆఫీసరు గారు ఉంటే ఆ పుస్తకం తిరగేసి, ఈ పద్దు ఎక్కడండీ అని అడిగేవారు. ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఇప్పుడు శ్వేతపత్రం వస్తోంది. 2023 డిసెంబరులో తెలంగాణలో 6.71 లక్షల కోట్ల అప్పన్నారు, 2024 జులైలో ఆంధ్రలో 9.74 లక్షల కోట్లన్నారు. పాత ప్రభుత్వాలు ఆ లెక్కలు తప్పన్నాయి. శ్వేతపత్రం దిగిపోయినవాళ్ల మీద రాసేదిగా మారింది. ఉన్నవాళ్లు తమ మీద తాము ఏటా రాసుకునే రోజు నేను చూస్తానా?

ఏం చేయాలని నన్నడిగేవాళ్లున్నారు. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. పాత అప్పు తీర్చడానికి ముందునుంచే కొంత పక్కన పెట్టే సింకింగ్ ఫండ్ ఆర్‌బీఐ దగ్గర ఏనాటినుంచో ఉంది. అంచనా కన్నా ఎక్కువ వచ్చిన ఏడాది ఆ ఎక్కువలో కొంత అందులో వేయండి. రాబడి అంచనాను గడిచిన అయిదారేళ్ల సగటు పెరుగుదల చూసి వేయండి, మొన్నటి ఒక్క మంచి ఏడాదిని చూసి వేయకండి. భూమి సొమ్ముకు విడి పద్దు పెట్టండి, అందులోంచి జీతాలకు పైసా పోకూడదని రాసుకోండి. ఇవన్నీ తెలిసినవాళ్లు ఇప్పటికీ ఆ ఆఫీసుల్లో ఉన్నారు. వాళ్ల నోట్ చదివేవాళ్లు తగ్గిపోయారు.

మా ఊరి నుంచి ఒక కుర్రాడు, నాకు వరసకు తమ్ముడి కొడుకు, చిన్న కాంట్రాక్టులు చేస్తాడు. బడి ప్రహరీ గోడ, మరుగుదొడ్లు కట్టాడు. ఏ ప్రభుత్వం అప్పుడో చెప్పను, ఎవరున్నా అదే వరస. పని పూర్తయి, కొలతలు రాసి, బిల్లు కంప్యూటర్లోకి ఎక్కి రెండేళ్లు దాటింది. భార్య గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఇత్తడి టోకెన్ పోయింది, ఇప్పుడు వాడి దగ్గరున్నది ఒక పొడుగాటి బిల్లు నంబరు. రాష్ట్రాల అప్పుల వేలం ఆర్‌బీఐ మంగళవారాలు పెడుతుందని, సొమ్ము బుధవారానికి చేతికొస్తుందని ఎవరో చెప్పినట్టున్నారు. అప్పటి నుంచి ప్రతి బుధవారం పొద్దున ఫోన్ చేస్తాడు.

"పెదనాన్నా, నిన్న రెండు వేల కోట్లు తెచ్చారంట కదా. మనది కదిలిందేమో ఒకసారి చూస్తావా?"

నేను కళ్లద్దాలు పెట్టుకుని, మా కోడలి ల్యాప్‌టాప్ తెరిచి, వాడు చెప్పే అంకెలు ఒక్కొక్కటే కొడతాను. తెర కాసేపు తిరుగుతుంది. అవతల వాడు ఊపిరి బిగబట్టి ఉంటాడు, నాకు తెలుస్తూనే ఉంటుంది.

"ఇంకా అక్కడే ఉంది నాయనా. వచ్చే బుధవారం చూద్దాం."